బిల్లు కట్టే చోట మొహమాటం

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా హనుమకొండలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది డిసెంబర్ 24నే కాబట్టి ఏటా ఈ రోజున ఇలాంటి సభలు పెడతారు. చట్టం గురించి చెప్పడానికి ఇక్కడ లాయర్లు ఉన్నారు. నన్ను పిలిచింది వేరే పనికి. నేను చాలా ఏళ్లు హైదరాబాద్‌లో హోటల్ లైన్‌లో ఉన్నాను. సప్లయర్‌గా, అంటే వడ్డించేవాడిగా చేరి, వడ్డించేవాళ్లని చూసుకునే కెప్టెన్ అయి, ఫ్లోర్ మేనేజర్‌గా రిటైరయ్యాను. "డబ్బులు పెట్టి బయట తినబోతే ఎందుకింత ఉసూరుమనిపిస్తోంది, అసలు లోపల ఏం జరుగుతుంది, అది చెప్పండి" అన్నారు. చెప్తాను. హోటళ్ల పేర్లు మాత్రం అడక్కండి.

ఓరుగల్లులో నిలబడి హోటల్ భోజనం గురించి మాట్లాడుతూ ఆ పాత పద్యాన్ని తలుచుకోకపోతే బాగుండదు. కాకతీయుల నాటి ఈ ఊళ్లో ఒక పూటకూళ్ల ఇల్లు ఉండేదట. లక్ష్మణవజ్ఝల గారిల్లు. అక్కడ ఏమేం పెడతారో పద్యంలో వరసగా ఉంటుంది. కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇదంతా ఒక రూకకు. వినగానే అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం అందులోని లెక్క నచ్చుతుంది. బియ్యం ఏ రకమో కవి చెప్పాడు, నెయ్యి తాజాదా కాదా చెప్పాడు, పంచదార గుప్పెడన్నాడు, నంజుళ్లు ఎన్నో చెప్పాడు, ధర చెప్పాడు. ఇప్పటి మెనూ కార్డులో ఇన్ని వివరాలుండవు. "షెఫ్ స్పెషల్" అని ఉంటుంది. ఏం స్పెషల్, ఎన్ని ముక్కలు అని అడిగితే తెచ్చి పెట్టేవాడికే తెలియదు.

మా బావగారి సంగతి ఒకటి చెప్తాను. ఆయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇంట్లో నోరు కాస్త పెద్దదే. దసరాకి అందరం కలిసినప్పుడు ఒక పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లాం. ఆదివారం, రెండున్నర దాటింది. మటన్ బిర్యానీ వచ్చింది. పైనంతా తెల్లన్నం, అడుగున రెండు ఎముకలు, ఒక పీచు ముక్క. మా అక్క చెప్పిన పెరుగన్నం అసలు రాలేదు. పిల్లల నూడుల్స్ అందరి భోజనాలూ అయ్యాక వచ్చాయి. కెప్టెన్ వచ్చి వంగి, "అంతా బాగుందా సార్?" అన్నాడు. బావగారు నవ్వుతూ, "ఆ, బాగుంది బాబూ" అన్నారు. మా అక్క కూడా తలూపింది. బిల్లు కట్టారు, ఫోల్డర్‌లో టిప్పు కూడా పెట్టారు. కారు తలుపు వేశాక మొదలైంది. ఉప్పల్ దాటినా ఆగలేదు. ఇంటికి చేరి ఫోన్ తీసి, ఒక్క స్టార్ ఇచ్చి అరపేజీ రాశారు. "బావగారూ, ఆ అబ్బాయి అడిగినప్పుడే చెప్పొచ్చు కదా" అంటే, "అన్నం ముందు కూర్చుని గొడవేంట్రా" అన్నారు.

మనల్ని అలా పెంచారు. విస్తట్లో పడ్డదానికి వంక పెట్టకూడదు. చుట్టాలింట్లో పులుసులో ఉప్పెక్కువైనా "భలే ఉంది వదినా" అని ఇంకో గరిటె వేయించుకుంటాం. మంచి అలవాటే. ఆవిడ పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి చేసింది, మన దగ్గర పైసా పుచ్చుకోలేదు. ఆ మర్యాదనే పట్టుకెళ్లి రెండు వేల బిల్లు వేసే చోట కూడా పాటిస్తున్నాం. హోటల్ వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. గోడ మీద "అతిథి దేవో భవ" అని ఊరికే రాయిస్తారా? అతిథి వంక పెట్టడు కదా.

సరే, వంటగదిలోకి వెళ్దాం. మెనూలో రెండు వందల ఐటమ్స్ ఉన్న చోట రెండు వందల వంటలు చేయరు. అది ఎవరి వల్లా కాదు. పొద్దున వంట మాస్టర్ మూడు పెద్ద గిన్నెల్లో మూడు గ్రేవీలు చేసి పెట్టుకుంటాడు. టమాటాతో ఎర్రది, జీడిపప్పుతో తెల్లది, వేయించిన ఉల్లిపాయతో గోధుమరంగుది. జీడిపప్పు ధర చూసి అందులో పుచ్చగింజలు కలిపేవాళ్లు చాలామంది. మీ ఆర్డర్ కేఓటీ, అంటే వంటగదికి పంపే ఆర్డర్ చీటీ మీద లోపలికి వెళ్తుంది. కుక్ కడాయిలో ఇదొక గరిటె, అదొక అరగరిటె వేస్తాడు. ఎరుపులో కాస్త తెలుపు, వెన్న, కసూరీ మేథీ పడితే పనీర్ బటర్ మసాలా. తెలుపు ఎక్కువైతే షాహీ పనీర్. ఎరుపు, గోధుమరంగు కలిపి క్యాప్సికం ముక్కలూ దంచిన ధనియాలూ వేస్తే కడాయి పనీర్. మూడు పేర్లతో మూడు కూరలు చెప్పారు, మూడూ ఒకేలా ఉన్నాయని మీరు బాధపడతారు. ఉండవా మరి?

దీన్ని మోసం అనను. గ్రేవీ ముందే లేకపోతే ఏ కూరా పావుగంటలో టేబుల్ మీదికి రాదు. "ఈ మూడింటికీ పెద్ద తేడా ఉండదు సార్, ఒకటి మార్చి పప్పు తీసుకోండి" అని ఒక్క మాట చెప్తే మీకు ఏ బాధా ఉండదు. మంచి కెప్టెన్ చెప్తాడు. అలా చెప్పమని యజమాని మాత్రం నేర్పడు. మూడో కూర బిల్లు పోతుంది కదా.

బిర్యానీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఫిర్యాదులన్నీ అక్కడే కాబట్టి. దమ్ బిర్యానీ మీరు ఆర్డర్ ఇచ్చాక చేసేది కాదు. నానబెట్టిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూతకి పిండి అంటించి దమ్ ఇస్తారు. హండీ దిగేది పదకొండున్నర, పన్నెండు మధ్య. అప్పుడు వెళ్లి తిన్నవాడిది అదృష్టం. హండీలో మసాలా, ముక్కలు అడుగున ఉంటాయి, తెల్లన్నం పైన ఉంటుంది. వడ్డించేవాడు అంచు వెంబడి గరిటెని నిలువుగా అడుగుదాకా దించి, అన్నం విరగకుండా పైకి తీయాలి. అప్పుడే ప్లేట్‌లోకి ముక్క, మసాలా, రంగన్నం, తెల్లన్నం అన్నీ వస్తాయి. దానికి ఓపిక కావాలి, చెయ్యి తిరగాలి. ఆదివారం ఒంటి గంటకి కౌంటర్ దగ్గర నలభై చీటీలు వేలాడుతుంటే గరిటె అడ్డంగా తిరుగుతుంది. ఒకడికి మసాలా ముద్ద పడుతుంది, ఇంకొకడికి ఉత్త అన్నం పడుతుంది. రెండున్నరకి హండీ అడుగు మాడుతూ ఉంటుంది, పైన అన్నం ఎండిపోయి ఉంటుంది. మా బావగారి ప్లేట్‌లోకి వచ్చింది ఆ అన్నమే.

అలాంటి ప్లేట్ వస్తే ఏం చేయాలి? మొదటి ముద్దకే చెప్పాలి. "మసాలా పడలేదు బాబూ, అడుగు నుంచి కలిపి మార్చి తీసుకురా" అంటే నూటికి తొంభై చోట్ల మారుస్తారు. హండీలో ఇంకా ఉంది కాబట్టి దానికి పెద్ద ఖర్చు లేదు. ప్లేట్ ఖాళీ అయ్యాక చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు. చేయగలిగింది ఉన్నా, సగం తిన్నాక చెప్పినవాడి మాట మేనేజర్ నమ్మడు. నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ఇంకో సంగతి. "స్పెషల్ బిర్యానీ" అంటే వేరే హండీ అనుకుంటారు చాలామంది. చాలా చోట్ల అన్నం అదే. పైన బోన్‌లెస్ చికెన్ వేపుడు, ఓ ఉడికించిన గుడ్డు, నాలుగు జీడిపప్పులు పెడతారు. వంద రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. పైన ఏం వస్తుందో అడిగి తెలుసుకుని తీసుకుంటే మీకు పేచీ ఉండదు.

ఇక సర్వీస్. మీకు కోపం తెప్పించేది తిండికన్నా ఇదే ఎక్కువ అని నా అనుభవం. పిలిస్తే పలకడు, నీళ్లు తేడు, ఒకటి చెప్తే ఇంకొకటి తెస్తాడు. నిజమే. ఆ అబ్బాయి ఎవరో ఒకసారి చూడండి. హైదరాబాద్ హోటళ్లలో ఇప్పుడు సప్లయర్లలో చాలామంది ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన పిల్లలు. దిగిన మర్నాడే యూనిఫాం తొడిగి ఫ్లోర్ మీదికి వదులుతారు. వాడికి గోంగూరకీ తోటకూరకీ తేడా ఎవరూ చెప్పలేదు. "ఉలవచారు ఉందా" అని మీరడిగితే వాడు "హా సార్" అంటాడు. లేదు అనకూడదని ఒక్కటే నేర్పారు వాడికి. పాతిక నిమిషాల తర్వాత వచ్చి "సార్, వో నహీ హై" అంటాడు. మీరు వాడి మీద అరుస్తారు. వాణ్ణి అలా నిలబెట్టినవాడు ఏసీ క్యాబిన్‌లో ఉంటాడు, ఆ అరుపు అక్కడిదాకా వినపడదు.

పైగా యజమానికి టేబుల్ తిరగాలి. మధ్యాహ్నం వ్యాపారం నడిచే ఆ రెండున్నర గంటల్లో ఒక టేబుల్ మీద మూడు కుటుంబాలు తిని లేస్తేనే అద్దె గిట్టుతుంది. అందుకే మీరు ఐస్‌క్రీం అడిగితే ముందు బిల్లు తెస్తారు. ఇప్పుడు డెలివరీ యాప్‌లు తోడయ్యాయి. కౌంటర్ దగ్గర ఫోన్లు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లని చూసే ఉంటారు. వాళ్ల ఆర్డర్ ఆలస్యమైతే యాప్‌లో హోటల్ రేటింగ్ వెంటనే పడుతుంది. మీ ఆర్డర్ ఆలస్యమైతే మీరు తల వంచుకుని ఫోన్ చూసుకుంటారు. రెండు చీటీలు ఒకేసారి వస్తే కుక్ ఏది ముందు తీస్తాడో మీరే ఆలోచించండి. లోపలికొచ్చి కూర్చున్న మనిషి, మూడు కిలోమీటర్ల అవతల సోఫాలో కూర్చున్న మనిషి తర్వాత తింటున్నాడు!

మెస్సుల్లో భోజనం గురించి చెప్పకపోతే నా మీద కోపం వస్తుంది మీకు. అక్కడ తిండి బాగానే ఉంటుంది. ముద్దపప్పు, ఆవకాయ, వేపుడు, గోంగూర, కందిపొడి, రసం, గడ్డపెరుగు, దేనికీ వంక లేదు. ఇబ్బంది "అన్‌లిమిటెడ్" అనే బోర్డు దగ్గర. మొదటి వాయి అన్నం, పప్పు పరుగెత్తుకుంటూ వస్తాయి. నెయ్యి పిచికారీలాగా రెండు చుక్కలు పడుతుంది. రెండోసారి వేపుడు కావాలని తల తిప్పితే ఆ బకెట్ పట్టుకున్న మనిషి ఎక్కడా కనిపించడు. సాంబారు మనిషి మాత్రం నాలుగుసార్లు వస్తాడు. మీ కుర్చీ వెనక తర్వాతి ఆయన రెండు చేతులూ ఆ కుర్చీకి ఆనించేసి నిలబడి ఉంటాడు. మజ్జిగ పోసుకుంటున్నారా లేదా అని మీ విస్తట్లోకి చూస్తూ ఉంటాడు. గొంతు దిగుతుందా? "వేపుడు ఒక్కసారే" అని బోర్డు మీద రాస్తే ఎవరూ అడగరు. రాసినవాళ్లని నేను చూశాను. వాళ్ల మెస్సులో కొట్లాటలు తక్కువ.

రోడ్డు మీద హోటళ్లది వేరే కథ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు ఎక్కడ ఆగాలో మీరు నిర్ణయించరు. డ్రైవర్, క్లీనర్ లోపలి గదిలో కూర్చుని తింటారు, వాళ్లకి బిల్లు రాదు. ఆ భోజనం మీ చల్లారిన పూరీ ధరలో ఉంటుంది. ఆ వాకిట్లో నిలబడినప్పుడు మీరు ఎవరికీ కస్టమర్ కాదు, హోటల్‌కి కస్టమర్ డ్రైవరే. ఇంటి దగ్గర పులిహోర కట్టించుకుని వెళ్లమని చెప్పడం తప్ప నా దగ్గర వేరే మందు లేదు. ఒక్క మాట, అక్కడి దుకాణంలో సీలు వేసిన నీళ్ల సీసా, బిస్కెట్ ప్యాకెట్ ఎంఆర్‌పీ కంటే ఎక్కువకి అమ్మితే అది తప్పే. తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. రెస్టారెంట్‌లో టేబుల్ మీద తెచ్చి పెట్టే సీసా సంగతి వేరు. హోటల్ వాళ్లు అక్కడ ఎంఆర్‌పీ మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది. కూర్చోబెట్టడం, వడ్డించడం కూడా అందులో కలిసి ఉంటాయన్నది కోర్టు మాట. నాకు ఆ తీర్పు నచ్చకపోయినా అది తీర్పు. కాబట్టి కూర్చోగానే సీల్ తీయబోయే అబ్బాయిని ఆపి, మామూలు నీళ్లు తెమ్మని చెప్పండి. చెప్పడానికి సిగ్గెందుకు?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ విసుగు తెప్పించేవి, ప్రాణం తీసేవి కావు. దోసె పచ్చిగా ఉంటే మార్చమంటే సరిపోతుంది. రెండో రకం ఉంది, దాని దగ్గర మాత్రం మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది. 2024లో హైదరాబాద్‌లో ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ వరసగా తనిఖీలు చేసింది. మీరంతా వార్తల్లో చూశారు. పేరున్న వంటగదుల్లో గడువు తీరిన సరుకు, తేదీ రాయని డబ్బాలు, బొద్దింకలు, రంగులు. బయట అద్దాలు తుడిచి తుడిచి మెరిపించిన చోట కూడా లోపల అంతే. ఆ ఏడాదే అక్టోబర్‌లో బంజారాహిల్స్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ని ఏడాది పాటు నిషేధించింది.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్న తిండిలో క్రిములు పెరుగుతాయి. చల్లనిది 5 కంటే చల్లగా, వేడిది 60 కంటే వేడిగా ఉండాలి. కాబట్టి బఫేలో కింద మంట ఆరిపోయిన చికెన్, గోరువెచ్చగా వచ్చిన గ్రేవీ, ఎండలో బండి మీద కూర్చున్న మయోనీజ్ డబ్బా, వీటి దగ్గర రుచి సంగతి అడగొద్దు, లేచి వచ్చేయండి. నూనెకీ హద్దు ఉంది. మరిగించి మరిగించి వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పాడయ్యే కొద్దీ పెరిగే పదార్థాలు, 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన. మీ దగ్గర మీటర్ ఉండదు, ముక్కు ఉంటుంది. బజ్జీల మూకుడు నుంచి ఘాటు వాసనతో పొగ వస్తుంటే, నూనె నల్లగా చిక్కబడి నురగ కడుతుంటే నాకు అదే మీటర్.

పురుగో, వెంట్రుకో వస్తే? ప్లేట్ కదపకుండా ఫోటో తీయండి, మేనేజర్‌ని పిలవండి, బిల్లు అడిగి తీసుకోండి. "ఫ్రీగా ఇంకోటి ఇస్తాం సార్" అంటూ ప్లేట్‌ని వెంటనే లోపలికి లాక్కెళ్తారు. ఆ పని నేను కూడా చేయించాను, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. తినేదాంట్లో బయటి పదార్థం పడితే ఆహార భద్రతా చట్టం కింద లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. శుభ్రత లేని వంటగదికి కూడా లక్ష దాకా ఉంది. అదే చట్టంలో 40వ సెక్షన్ అని ఒకటుంది, జనానికి పెద్దగా తెలియదు. కొన్నవాడు కూడా రుసుము కట్టి ఆ పదార్థాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. చట్టానికి విరుద్ధంగా ఉందని రిపోర్టు వస్తే కట్టిన రుసుము వెనక్కి ఇస్తారు. ఆహార భద్రతా సంస్థ టోల్ ఫ్రీ నంబర్ 1800 112 100. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రాసుకోండి, ఆగుతాను.

చెప్పే పద్ధతి ఒకటుంది. నేను టేబుల్ అవతల నిలబడినవాణ్ణి కాబట్టి ఏ మాటకి పని జరుగుతుందో చెప్పగలను. "మీ హోటల్ పాడైపోయింది" అంటే మేనేజర్ "సారీ సార్" అంటాడు, అక్కడితో అయిపోయింది. ఆ "సారీ"కి ఖర్చు లేదు. "రోటీ రబ్బరులా ఉంది, రెండు మార్చండి. పెరుగన్నం పావుగంట దాకా రాకపోతే బిల్లులోంచి తీసేయండి" అంటే అతను లోపలికి వెళ్లాల్సిందే. గొంతు పెంచక్కర్లేదు. పక్క టేబుళ్లకి వినిపించేలా అరిచేవాళ్లని మేం బతిమాలి పంపేవాళ్లం, ప్రశాంతంగా రెండు ముక్కలు చెప్పినవాళ్ల మాట సాయంత్రం వంటగదిలో మాస్టర్‌కి చెప్పేవాళ్లం. సప్లయర్‌తో వాదన పెట్టుకోకండి. ధర తగ్గించే అధికారం, ప్లేట్ మార్చే అధికారం కెప్టెన్‌కి ఉంటుంది. అతన్ని పిలవండి. కెప్టెన్ "బాగుందా" అని అడిగేది కూడా మర్యాద కోసమే కాదండీ. ఒకే రోజు నలుగురు "ఉప్పెక్కువైంది" అంటే ఎర్ర గ్రేవీ గిన్నెలో ఎక్కడో తేడా ఉందని మాకు తెలిసేది. నలుగురూ "బాగుంది" అనేసి వెళ్తే రాత్రి పదకొండు దాకా అదే గ్రేవీ అందరికీ పోతుంది. ఫోన్‌లో పెట్టే ఒక్క స్టార్ మర్నాడు ఆఫీసులో ఎవరో చదువుతారు. అప్పటికి గిన్నె కడిగేసి ఉంటుంది.

మిగిలింది బిల్లు. ఫోల్డర్‌లో కార్డు పెట్టేసి చూడకుండా కట్టేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. రెండు నిమిషాలు చూడండి. అడుగున "సర్వీస్ చార్జ్" అని ఉంటుంది, మామూలుగా పది శాతం. అది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. హోటల్ తనకి తాను వేసుకునేది. మీరు ఇష్టపడితేనే ఇవ్వాలి, బిల్లులో తనంతట తానే కలపకూడదు, ఇంకో పేరుతో కూడా వసూలు చేయకూడదు అని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చింది, పిటిషన్ వేసిన రెండు సంఘాలకీ చెరో లక్ష ఖర్చులు వేసింది. వాళ్లు అప్పీలుకి వెళ్లారు. అయినా కొన్ని చోట్ల ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. రెండు వేల బిల్లు మీద రెండు వందలు సర్వీస్ చార్జ్ వేస్తారు, ఆ రెండు వేల రెండు వందల మీద ఐదు శాతం జీఎస్టీ వేస్తారు. కట్టాల్సింది 2,100, కట్టించుకునేది 2,310. "ఇది తీసేయండి" అని నింపాదిగా చెప్పండి, తీసేస్తారు. కంప్యూటర్‌లో అది ఒక్క బటన్. నేనే నొక్కాను ఎన్నోసార్లు.

"పాపం, ఆ పిల్లలకి పోతుంది కదా" అని మా అక్క అంటుంది. పోదక్కా. కొన్ని చోట్ల పంచుతారు, చాలా చోట్ల పగిలిన గ్లాసుల కింద, యూనిఫాం కింద కోసుకుంటారు. పిల్లాడికి ఇవ్వాలనుకుంటే వాడి చేతిలో పెట్టండి. అమెరికాలో ఉన్న మన పిల్లలు టిప్పు మిషన్‌లో పద్దెనిమిదా ఇరవయ్యా నొక్కే అలవాటుతో ఇక్కడ కూడా బిల్లు చూడకుండా కట్టేస్తున్నారు. అక్కడి పద్ధతి అక్కడిది, వాళ్లకి చెప్పండి.

తర్వాత జీఎస్టీ. మామూలు రెస్టారెంట్‌లో ఏసీ ఉన్నా లేకపోయినా ఐదు శాతమే, 2017 నవంబర్ నుంచి అంతే. పద్దెనిమిది శాతం వేసేది రోజుకి 7,500 పైన గది అద్దె ఉన్న పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లు. బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి. తెలంగాణదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. చిన్న హోటళ్లు కొన్ని కాంపొజిషన్ స్కీంలో, అంటే చిన్న వ్యాపారాలకి పెట్టిన తేలిక పన్ను పద్ధతిలో ఉంటాయి. వాళ్లు పన్ను తమ జేబులోంచి కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు మీద రాసి ఉంటుంది. రాసి ఉండి కూడా కింద ఐదు శాతం వేస్తే అది నేరుగా వాళ్ల గల్లాలోకే. ఇంకొకటి, ఆహార భద్రతా లైసెన్స్ నంబర్, పద్నాలుగు అంకెలు. 2022 జనవరి నుంచి బిల్లు మీద వేయడం తప్పనిసరి. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ నంబర్ చేతిలో ఉంటే ఎవరి మీద, ఏ బ్రాంచ్ మీద అని అధికారులు మళ్లీ అడగరు.

పాత బిల్లులు ఏమైనా ఉంటే తెమ్మని నిర్వాహకులు మీకు ముందే చెప్పారట. రెండో వరసలో ఆ అమ్మ చేతిలో రెండు మూడు కనిపిస్తున్నాయి. ఇటు ఇవ్వండమ్మా. హోటల్ పేరు వేలితో మూసి, మిగతాది గట్టిగా చదువుదాం.